కండరానికి ఖరీదు తెలియదు

బలంగా, చురుగ్గా ఉండాలని ఎవరికి ఉండదు? అయినా ఆ కోరిక చాలామంది విద్యార్థులలో ఒకే ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది: "జిమ్‌లో చేరడానికి డబ్బేది?" నెలనెలా కట్టవలసిన రుసుము, ప్రత్యేకమైన బూట్లు, డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడి - ఇవన్నీ కలిపి చూస్తే హాస్టలు విద్యార్థికి గుండె గుభేలుమంటుంది. ఇక అమ్మాయిల విషయం మరీ కష్టం. డబ్బున్నా, వారు నిస్సంకోచంగా వెళ్లగలిగే వ్యాయామశాల చాలా ఊళ్లలో ఉండదు. దాంతో బలమనేది కొనుక్కోగలవారికే దక్కే సరుకు అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది.

ఈ అభిప్రాయం ఎంతవరకు నిజం? ఒక్కసారి వెనక్కి చూడండి. 1910లో లండన్ వెళ్లి అక్కడి ప్రఖ్యాత మల్లులతో తలపడిన గామా పహిల్వాను సాధన చేసింది అఖాడాలలో. మెత్తగా తవ్విన మట్టి గోదా, దండీలు, బస్కీలు, చెక్క గదలు, రాతి గుండ్లు - ఇవే అక్కడి పరికరాలు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి దేశమంతటా పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు కాలం నాటికి మన ఊళ్లలో మెరిసే యంత్రాలున్న జిమ్ములు లేవు. మరి వారి కండరాలు దేన్ని చూసి పెరిగాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఖర్చు సమస్య చాలావరకు తీరిపోతుంది. అందుకోసం ముందుగా కండరం లోపలికి తొంగిచూద్దాం.

లాగడమే కండరం పని

మన శరీరంలో ఆరువందలకు పైగా కండరాలున్నాయి. ఎముకలను కదిలించే ప్రతి కండరమూ సన్నని తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువులో అతి చిన్న గదులు గొలుసులాగా వరుసగా పేర్చి ఉంటాయి. ఒక్కో గది పొడవు సుమారు రెండు మైక్రాన్లు మాత్రమే. అంటే ఒక సెంటీమీటరు పొడవున ఇలాంటివి నాలుగైదు వేలు ఉంటాయన్నమాట. ప్రతి గదిలోనూ రెండు రకాల మాంసకృత్తుల పోగులుంటాయి. లావుపాటివి మయోసిన్, సన్ననివి ఆక్టిన్.

మెదడు నుంచి ఆజ్ఞ రాగానే మయోసిన్ పోగులకున్న చిన్న చిన్న తలలు ఆక్టిన్ పోగులను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. బావిలోని చేదను చేయి మార్చి చేయి తాడు లాగుతూ పైకి తీసినట్టే. ఈ పనికి కావలసిన శక్తిని ఏటీపీ అనే రసాయనం అందిస్తుంది. పోగులు కుంచించుకుపోవు, ఒకదాని పక్కగా ఒకటి జారుతాయి. ఈ సంగతిని 1954లో రెండు పరిశోధక బృందాలు ఒకేసారి ప్రకటించాయి. ఒక బృందంలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కే. రెండో దానిలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు!

ఇందులో మనం గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒక్కటే. కండరానికి తెలిసింది లాగడం, లాగేటప్పుడు తనమీద పడే బిగువు. ఆ బిగువు విదేశీ యంత్రం వల్ల వచ్చిందా, నీళ్ల బకెట్టు వల్ల వచ్చిందా అన్నది దానికి తెలియదు. తెలుసుకునే మార్గమూ లేదు.

మోచేయి ఒక తులాదండం

మీ భౌతికశాస్త్ర పుస్తకంలో సరళ యంత్రాల పాఠం గుర్తుందా? ఆధారం, భారం, బలం. మోచేయి కూడా అలాంటి తులాదండమే. కీలు ఆధారం, అరచేతిలో పట్టుకున్న వస్తువు భారం, ముంజేతిని పైకి లాగే కండరం బలం. అయితే ఆ కండరం ముంజేతి ఎముకను పట్టుకునే చోటు కీలు నుంచి 5 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. అరచేయి మాత్రం సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది.

ఇప్పుడు 5 కిలోల పుస్తకాల సంచిని ముంజేయి నేలకు సమాంతరంగా ఉంచి పట్టుకున్నారనుకోండి. భారాన్ని దాని దూరంతో గుణిస్తే 5 × 35 = 175. దీన్ని కండరం దూరమైన 5తో భాగిస్తే 35. అంటే మీ చేతిలో ఉన్నది 5 కిలోలే అయినా కండరం మీద పడే లాగుడు 35 కిలోల బరువుకు సమానం! ముంజేతి సొంత బరువును లెక్కలోకి తీసుకోకుండానే ఇంత. మన శరీర నిర్మాణమే చిన్న బరువును కండరానికి పెద్ద బరువుగా మార్చి చూపిస్తోంది. ఇంట్లో సాధన చేసేవారికి ఇదే పెద్ద పెట్టుబడి.

బలం పెరిగేది రెండు దారుల్లో

సాధన మొదలుపెట్టిన మూడు నాలుగు వారాల్లోనే ఎత్తగలిగే బరువు స్పష్టంగా పెరుగుతుంది. కాని టేపు పెట్టి కొలిస్తే చేయి లావు పెద్దగా మారదు. మరి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది?

కండర తంతువులు విడివిడిగా పనిచేయవు, జట్లుగా పనిచేస్తాయి. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం ఒక్కో జట్టును నడుపుతుంది. తేలికైన పనికి చిన్న జట్లు చాలు. పని బరువెక్కే కొద్దీ పెద్ద జట్లు రంగంలోకి దిగుతాయి. ఈ వరుసక్రమాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎల్వుడ్ హెన్నెమన్ 1950, 60 దశకాలలో తన ప్రయోగాలతో వెల్లడించాడు. అలవాటు లేని మనిషి ఎంత ప్రయత్నించినా తన జట్లన్నింటినీ ఒకేసారి పూర్తిగా పిలవలేడు. సాధనతో నాడీ మండలం ఆ విద్య నేర్చుకుంటుంది. తొలి వారాల బలం ప్రధానంగా ఈ నేర్పు వల్ల వచ్చేదే. 1979లో మోరిటాని, డెవ్రీస్ అనే పరిశోధకులు ఈ విషయాన్ని కొలతలతో చూపించారు.

రెండో దారి తర్వాత తెరుచుకుంటుంది. బిగువుకు పదేపదే గురైన తంతువులు కొత్త మాంసకృత్తులను తయారు చేసుకుని క్రమంగా లావెక్కుతాయి. దీనికి వారాలు కాదు, నెలలు పడుతుంది. కాబట్టి నెల తిరిగినా అద్దంలో మార్పు కనిపించలేదని మానేసేవారు తమ నాడీ మండలం అప్పటికే చేసిన పనిని వృథా చేసుకుంటున్నారన్నమాట.

దూడ పెరిగినట్టు భారం పెరగాలి

ప్రాచీన గ్రీసులో మైలో అనే మల్లుడి గురించి ఒక కథ చెప్పుకునేవారు. అతను ఒక లేగదూడను రోజూ భుజాల మీద మోసేవాడట. దూడ పెరిగే కొద్దీ అతని బలమూ పెరిగి, చివరికి ఎద్దునే మోయగలిగాడట. కథ నిజమో కాదో గాని దానిలోని సూత్రం నిజం. శరీరం తనకు అలవాటైన పనికి సరిపోయేంత బలాన్ని మాత్రమే ఉంచుకుంటుంది. పని కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటేనే బలమూ పెరుగుతుంది.

ఈ సూత్రానికి వైద్యశాస్త్రంలో స్థానం కల్పించినవాడు థామస్ డిలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు. రెండవ ప్రపంచయుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులు ఆస్పత్రుల్లో నెలల తరబడి పడి ఉండేవారు. అప్పటి వైద్యులు వారికి తేలికపాటి వ్యాయామాన్ని ఎక్కువసార్లు చేయించేవారు. డిలార్మ్ ఇందుకు భిన్నంగా, పదిసార్లు మాత్రమే ఎత్తగలిగేంత బరువును ఇచ్చి, బలం పెరిగిన కొద్దీ ఆ బరువును పెంచుతూ పోయాడు. సైనికులు త్వరగా కోలుకున్నారు. 1945లో ఆయన తన ఫలితాలను ప్రచురించాడు. నేటికీ ప్రపంచమంతటా బలసాధనకు పునాది ఇదే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. రోజంతా మూటలు మోసే కూలీ మనిషి బలం ఎందుకు అంతకంతకూ పెరగదు? పనికి కావలసిన బలం వచ్చిన తర్వాత ఆ భారం ఇక పెరగదు. పెరిగినా విశ్రాంతి ఉండదు, కడుపునిండా తిండీ ఉండదు. శ్రమ వేరు, శిక్షణ వేరు. భారం, విశ్రాంతి, ఆహారం - ఈ మూడూ లెక్క ప్రకారం కుదిరినప్పుడే శ్రమ శిక్షణ అవుతుంది.

పెద్ద బరువులు తప్పనిసరా?

కాదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 49 మంది యువకులను రెండు జట్లుగా చేసి 12 వారాలు శిక్షణ ఇచ్చారు. మొదటి జట్టు పెద్ద బరువులను 8 నుంచి 12 సార్లు ఎత్తింది. రెండో జట్టు తాము ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 30 నుంచి 50 శాతం మాత్రమే తీసుకుని 20 నుంచి 25 సార్లు ఎత్తింది. ఇద్దరికీ నియమం ఒకటే: ఇక మరొక్కసారి ఎత్తలేననే వరకు చేయాలి. చివరికి కొలిస్తే రెండు జట్ల కండరాలూ దాదాపు సమానంగానే పెరిగాయి.

కారణం మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు. తేలికైన బరువుతో మొదలుపెట్టినా, చిన్న జట్లు అలసిపోయే కొద్దీ పెద్ద జట్లకు పిలుపు వెళ్లక తప్పదు. అయితే అత్యధిక బరువును ఒకేసారి ఎత్తే పోటీలకు వెళ్లాలంటే పెద్ద బరువులతో సాధన కావలసిందే. ఆరోగ్యం కోసం, ఆటల కోసం, రోజువారీ బలం కోసం అయితే అది తప్పనిసరి కాదు.

మీ శరీరమే తూకపు రాయి

మామూలు దండీ, అంటే శరీరాన్ని నిటారుగా ఉంచి అరచేతులు, కాలివేళ్ల మీద చేసేది, తీసేటప్పుడు మీ చేతుల మీద ఎంత బరువు పడుతుంది? దీన్ని పరిశోధకులు కొలిచి 2011లో ప్రచురించారు. శరీర బరువులో అది ఎంత శాతమో చూడండి.

చేతులు 60 సెం.మీ. ఎత్తున్న బల్ల మీద: 41 శాతం
మోకాళ్లు నేలకు ఆనించి: 49 శాతం
చేతులు 30 సెం.మీ. ఎత్తున్న పీట మీద: 55 శాతం
మామూలు దండీ: 64 శాతం
పాదాలు 30 సెం.మీ. ఎత్తులో: 70 శాతం
పాదాలు 60 సెం.మీ. ఎత్తులో: 74 శాతం

మీ బరువు 50 కిలోలైతే మొదటి మెట్టులో మీరు నెట్టేది 20 కిలోలకు కొంచెం ఎక్కువ. చివరి మెట్టులో 37 కిలోలు. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఆరు వేర్వేరు బరువులు మీ దగ్గర ఉన్నట్టే! దూడ పెరిగినట్టు వీటిని వరుసగా ఎక్కుతూ పోవచ్చు. ఒక్క దండీ కూడా తీయలేని వారు బల్ల దగ్గర, అదీ కష్టమైతే గోడ దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇందులో చిన్నతనమేమీ లేదు.

దీన్ని మీరే ప్రయోగం చేసి చూడవచ్చు. బరువు తూచే యంత్రాన్ని నేల మీద పెట్టి, రెండు అరచేతులూ దాని మీద ఆనించండి. పాదాల కింద అంతే ఎత్తున్న ఇటుకలు ఉంచండి. చేతులు నిటారుగా ఉన్నప్పుడు స్నేహితుణ్ణి అంకె చదవమనండి. సగం కిందికి దిగి ఆగినప్పుడు మళ్లీ చదవమనండి. రెండో అంకె కొంచెం ఎక్కువగా ఉంటుంది. దాన్ని మీ బరువుతో భాగించి శాతం కట్టండి. మోకాళ్ల మీద చేసినప్పుడు ఎంత తగ్గిందో చూసి, ఎందుకు తగ్గిందో తులాదండం సూత్రంతో మీరే వివరించండి.

కాళ్లకు గుంజీలున్నాయి. బడిలో శిక్షగా తీయించినందువల్ల వాటికి చెడ్డపేరు వచ్చింది గాని, తొడలకూ పిరుదులకూ అంతకు మించిన వ్యాయామం లేదు. రెండు కాళ్ల మీద సులువైపోతే ఒక పాదాన్ని వెనక పీట మీద ఆనించి, ముందు కాలి మీద బరువు వేసి చేయండి. బయటి బరువేమీ పెట్టకుండానే ఆ కాలికి పని దాదాపు రెట్టింపవుతుంది.

ఇంట్లోని సామగ్రి

ఒక లీటరు నీరు ఒక కిలో. కాబట్టి నీళ్ల పాత్రలన్నీ కొలిచిన తూకపు రాళ్లే. ఒక లీటరు సీసాలో పొడి ఇసుక నింపితే సుమారు ఒకటిన్నర కిలో అవుతుంది. 15 లీటర్ల బకెట్టు నిండా నీళ్లు పోస్తే 15 కిలోలు. అర లీటరు గ్లాసుతో పోస్తూ పోతే భారాన్ని అరకిలో చొప్పున పెంచుకోవచ్చు.

పుస్తకాల సంచి అన్నింటికంటే ఉపయోగకరమైన పరికరం. వీపుకు తగిలించుకుంటే గుంజీలకు, దండీలకు భారం. చేత్తో పట్టుకుంటే వీపు కండరాలకు సాధనం. పట్టీల కుట్లు గట్టిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

సైకిలు పంక్చరు షాపులో పనికిరాదని పారేసిన ట్యూబును తెచ్చి, వాల్వు ఉన్న భాగం కత్తిరించి తీసేస్తే మంచి సాగే పట్టీ తయారవుతుంది. దీన్ని ఎంత సాగదీస్తే అంత గట్టిగా లాగుతుంది. గట్టి కిటికీ ఊచకు బిగించి ఛాతీ వైపు లాగితే వీపుకు, భుజాలకు వ్యాయామం. రబ్బరుకు పగుళ్లుంటే వాడవద్దు. తెగి కంటికి తగిలే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను కొక్కేలు, తలుపు చట్రాలు మీ బరువు మోస్తాయని నమ్మకండి. వేలాడటానికి బడి ఆటస్థలంలోని ఇనుప కడ్డీ మంచిది.

వారానికి మూడు రోజులు

5 నుంచి 17 ఏళ్ల వయసు వారు రోజూ సగటున గంటసేపు ఒళ్లు కదిలించాలనీ, కనీసం మూడు రోజులు కండరాలనూ ఎముకలనూ బలపరిచే పనులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పెద్దలు కనీసం రెండు రోజులు బలసాధన చేయాలంది. సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకుంటే లెక్క సులువు. ముందు ఐదు నిమిషాలు నిలబడిన చోటే పరుగెత్తి, చేతులూ కాళ్లూ తిప్పి ఒళ్లు వేడెక్కించండి. తర్వాత ఈ ఆరూ చేయండి.

1. గుంజీలు: వెన్ను నిటారుగా, మడమలు నేలకు ఆనించి.
2. దండీలు: పై పట్టికలో మీకు తగిన మెట్టులో.
3. సంచి లాగడం: ఒక చేయి బల్ల మీద ఆనించి, నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వాలి, రెండో చేత్తో సంచిని పొట్ట పక్కకు లాగాలి.
4. వంగి లేవడం: సంచిని రెండు చేతులతో ఒంటికి దగ్గరగా పట్టుకుని, పిరుదులు వెనక్కి నెడుతూ తుంటి దగ్గర వంగి లేవాలి. వెన్ను గుండ్రంగా వంగకూడదు.
5. పలక: మోచేతులు, కాలివేళ్ల మీద శరీరాన్ని పలకలా నిటారుగా నిలపాలి. 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం వరకు.
6. బకెట్ల నడక: రెండు చేతులతో రెండు బకెట్లు పట్టుకుని, భుజాలు వంగకుండా 30 అడుగులు వేయాలి.

మొదటి నాలుగింటినీ విడతకు 8 నుంచి 15 సార్లు, రెండు లేక మూడు విడతలు చేయాలి. విడతకూ విడతకూ మధ్య ఒకటిన్నర, రెండు నిమిషాల విరామం. "ఇంకా రెండుసార్లకు మించి చేయలేను" అనిపించిన చోట ఆపండి. ప్రతి విడతలోనూ 15 సులువుగా వస్తున్నప్పుడు తర్వాతి మెట్టుకు వెళ్లండి, లేదా సంచిలో మరో పుస్తకం పెట్టండి. మొత్తానికి ముప్పావు గంట చాలు.

భారాన్ని ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండె జబ్బు, హెర్నియా, కీళ్ల నొప్పులు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి.

నొప్పి ఎంతవరకు మంచిది?

సాధన చేసిన మర్నాడు, ఆ మరుసటి రోజు ఒళ్లంతా పట్టేసినట్టుంటుంది. దీనికి కారణం లాక్టిక్ ఆమ్లమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ ఆమ్లం గంటా రెండు గంటల్లోనే తొలగిపోతుంది. అలవాటు లేని బిగువు వల్ల, ముఖ్యంగా భారాన్ని కిందికి దించేటప్పుడు, తంతువుల్లో కలిగే అతి చిన్న చీలికలు, వాటి చుట్టూ వచ్చే వాపు ఈ నొప్పికి మూలం. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. మరమ్మతు జరిగేది విశ్రాంతిలోనే కాబట్టి రోజు విడిచి రోజు చేయడం బద్ధకం కాదు, శాస్త్రం. నిద్ర కూడా సాధనలో భాగమే.

కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం వెంటనే ఆపాలి. మరో హెచ్చరిక. పందేలు కాసి మొదటి రోజే వందల గుంజీలు తీయకండి. కండరం మితిమీరి దెబ్బతింటే దానిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేస్తాయి. విపరీతమైన నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పళ్లెంలో ఏముండాలి?

ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజూ కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించాయి. బలసాధన చేసేవారికి కొంత ఎక్కువ కావాలి. అయితే కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటిన తర్వాత అదనపు లాభం పెద్దగా లేదని పరిశోధనల సారాంశం. 50 కిలోల విద్యార్థికి ఇది 42 నుంచి 80 గ్రాముల మధ్య అన్నమాట.

ఇది డబ్బా కొనకుండా వస్తుందా? లెక్క వేద్దాం. రోజుకు 300 గ్రాముల బియ్యంలో సుమారు 22 గ్రాములు, 75 గ్రాముల కందిపప్పులో 16, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7, రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 8. మొత్తం 65 గ్రాములు! గుడ్డు తినని వారికి 25 గ్రాముల సోయా ముక్కలు ఆ లోటును తీరుస్తాయి. అన్నంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే ఆమ్లం తక్కువ. పప్పులో అది పుష్కలం. పప్పన్నం కలిపి తినడం ఎంత తెలివైన అలవాటో చూశారా? అయితే పప్పు నీళ్లు కాదు, పప్పు ఉండాలి.

కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మీ ఊరి కిరాణా కొట్లో పప్పు, వేరుశనగలు, గుడ్ల ధరలు కనుక్కుని, ఒక్కోదానిలో 10 గ్రాముల మాంసకృత్తులకు ఎంత పడుతుందో లెక్కకట్టండి. పొడి డబ్బాకూ అదే లెక్క వేయండి. నిర్ణయం మీరే తీసుకోగలుగుతారు.

ఎవరికి తగదు?

"బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారు" అంటారు. సరైన పద్ధతిలో, తగిన భారంతో చేస్తే ఎదుగుదల ఆగుతుందనడానికి ఆధారాలు లేవు. ప్రమాదం శక్తికి మించిన బరువులతో పోటీలు పడటంలోనే ఉంది. "అమ్మాయిలు మగవాళ్లలా తయారవుతారు" అన్నది మరో అపోహ. కండరాలను లావెక్కించే టెస్టోస్టిరోన్ వారిలో చాలా తక్కువ. బలం మాత్రం మొదట ఉన్నదానితో పోల్చితే అబ్బాయిలతో సమానంగానే పెరుగుతుంది. మహిళల బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశించిన 2000 సంవత్సరంలోనే, సిడ్నీలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే.

ఇక ముసలివారి మాట. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలోని తొంభై ఏళ్ల ప్రాంతం వారికి 8 వారాలు కాళ్ల బలసాధన చేయించారు. పూర్తిచేసిన తొమ్మిదిమంది బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే మొదట ఉన్నదానికి రెండున్నర రెట్లకు పైగా! కాబట్టి మీరు గుంజీలు తీసేటప్పుడు పక్కనే తాతయ్యను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేచి కూర్చోమనండి. ఆయనకు అదే బలసాధన. పడిపోకుండా దగ్గర నిలబడండి.

మనవాళ్లకు ఈ సాధన మరింత అవసరం. సన్నగా కనిపిస్తూనే ఒంట్లో కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండటం భారతీయులలో సాధారణమని పుణే పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. తిన్న అన్నం నుంచి రక్తంలోకి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటాను తీసుకునేది కండరాలు. వాటిని పెంచుకుని, పనిలో ఉంచితే మధుమేహాన్ని దూరంగా ఉంచడానికి అది ఒక ఆసరా. ఇరవై ఏళ్ల వయసులో కూడబెట్టిన కండ, ఎముకల గట్టితనం అరవై ఏళ్ల నాటికి అక్కరకొచ్చే నిధి.

ఈ సాధనకు నిజంగా కొనవలసినది ఒకటుంది: ఒక నోటు పుస్తకం, పెన్ను. తేదీ, వ్యాయామం, మెట్టు, విడతలు, ఎన్నిసార్లు - ఐదు గడులు గీసుకోండి. ఈ సోమవారం బల్ల మీద చేతులు ఆనించి ఎన్ని దండీలు తీయగలిగారో మొదటి వరుసలో రాయండి. మూడు నెలల తర్వాత చివరి వరుసను దాని పక్కన పెట్టి చూడండి. శిక్షణ పనిచేసిందో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.